చాటుమాటు క్రీడలు: అనుకరణవివాదము, కథాకథనము

ఒకరి కథను మఱియొకరు గైకొనుట దోషమా, గుణమా యను ప్రశ్న కావ్య మెంత ప్రాచీనమో యంత ప్రాచీనము. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకముయొక్క నాలవ యుద్ద్యోతమున నీ ప్రశ్నను జేపట్టెను. కవుల రచనలు పరస్పరము పోలియుండుటకు ‘సంవాద’ మని పేరిడి, యది ప్రతిబింబమువంటి దనియు, చిత్తరువువంటి దనియు, తుల్యదేహివంటి దనియు మూఁడు తెఱఁగులుగా విభజించెను. అద్దములోని బింబమునకు వేఱు ప్రాణము లేదు. చిత్తరువునకుఁ గల ప్రాణము స్వల్పము. ఇరువురు మనుష్యులు రూపమునఁ బోలియున్నను ఎవరి యాత్మ వారిదే గావున మూఁడవది గ్రాహ్యమని యాతని తీర్పు. పిమ్మట రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో ‘పరపురప్రవేశసదృశ’ మను నాలవ విధమును జేర్చెను. మూలవస్తు వొక్కటియే యయ్యు, దాని చుట్టును గూర్చిన పరికరమంతయు వేఱైనచో నది యీ తెఱఁగునఁ జేరును. తెలుఁగున రామరాజభూషణుఁడు వసుచరిత్ర పీఠికలోఁ గేవలకల్పితకథను గృత్రిమరత్నముతోను, పురాతనకథను జాతిరత్నముతోను, ఆ రెంటి కలయికను సానఁబట్టిన జాతిరత్నముతోను బోల్చి, మూఁడవదానికే పెద్దపీట వేసెను.

ఈ విచార మిప్పుడు గ్రంథముల హద్దు దాఁటి వీడియో ఆటలలోఁ బ్రవేశించినది. అందును ‘స్టెల్త్’ అను నాంగ్లనామముతో వ్యవహరింపఁబడు చాటుమాటు క్రీడలను గూర్చి యభిమానుల నడుమ నలువదేండ్లకుఁ బైఁబడిన చరిత్రపై నెడతెగని వాదము సాగుచున్నది. ఈ జాతి యాటలలోఁ గథానాయకుఁడు శత్రుస్థానమునఁ జొరఁబడి, కావలివారి కంటఁ బడక, చప్పుడు చేయక, పని దీర్చుకొని వెలువడవలయును. గెలుపు పోరునందుఁ గాక మఱుఁగునందున్నది. రాజశేఖరుఁడు పెట్టిన పేరు, ‘పరపురప్రవేశ’ మను మాటను మాటగాఁ జూచినచో, ఈ యాటల కథావస్తువునకుఁ గూడ సరిపోవును.

అభిమానుల వాదము రెండు ప్రశ్నల చుట్టును దిరుగుచుండును. ఎవరి యాట నెవరు చూచి వ్రాసిరి? ఆటను నిలిపి చలనచిత్రమువలెఁ గథను జూపుట యాటకుఁ దగునా? మొదటిది స్వతంత్రకల్పనను గూర్చినది; రెండవది కథాకథనమును గూర్చినది. ఈ రెంటిని వేర్వేఱుగా విచారించుట పరిపాటి. కాని యీ క్రీడల చరిత్రను వరుసగాఁ బరిశీలించినచో నా రెండు ప్రశ్నలకును సమాధాన మొక్క చోటనే దొరకును.

ఆద్యుఁ డెవఁడు?

‘ఇది మొదట నెవరు చేసిరి?’ యను ప్రశ్నకు నిశ్చితమైన యుత్తరము దొరకుట దుర్లభము. జపానులో 1979లో ‘పెట్’ అను చిన్న కంప్యూటరుపై ‘మన్‌బికి షోనెన్’ అను ఆట వెలువడెను. దుకాణమున సరకు దొంగిలించు బాలుఁ డని యా పేరున కర్థము. యజమాని చూపు తన వైపు లేని సమయమునఁ జేతికందినది గైకొని బయటఁ పడుటయే యందలి పని. 1981లో సెగా సంస్థ ‘005’ అను పేర నొక గూఢచారి యాటను వెలువరించెను. చేతిపెట్టెతోఁ బోవు గూఢచారి శత్రువుల దీపపు వెలుఁగునఁ బడక తప్పించుకొనవలయును. చాటుమాటు ఆటలలో నిది మొదటిదని గిన్నిస్ రికార్డుల గ్రంథమునఁ జోటు దక్కినది.

అదే 1981లో అమెరికాయందు మ్యూజ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ పక్షమున సైలస్ వార్నర్ ఆపిల్-2 యంత్రమునకు ‘కాజిల్ వుల్ఫెన్‌స్టైన్’ అను ఆటను రచించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుల కోటలోఁ జిక్కిన యొక ఖైదీ రహస్యయుద్ధపత్రములఁ గైకొని తప్పించుకొనుట యందలి కథ. తుపాకిలో గుండ్లు కొలఁది. భటుని కెదురుగాఁ దుపాకి యెత్తి వానిని నిలువరించి సోదా చేయవచ్చును. శత్రుభటుల దుస్తులు దొడిగి వారి నడుమ నడచిపోవచ్చును. భటులు జర్మనుభాషలోఁ గేకలు వేయుదురు. ఆ కాలపు యంత్రమున మనుష్యుని కంఠధ్వని వినఁబడుటయే యొక వింత. ‘ద గన్స్ ఆఫ్ నవరోన్’ అను 1961 నాఁటి చలనచిత్రమును, ‘బెర్జర్క్’ అను 1980 నాఁటి యాటను దన కీ యూహను గలిగించినవని వార్నర్ తెలిపియున్నాఁడు. అనఁగా ఆద్యులలో నొకఁడైన యీతఁడును ఋణగ్రస్తుఁడే. కాని చిత్రమునందలి సాహసమును, ఆటయందలి గదుల యమరికను గలిపి, యా రెంటియందును లేని దొంగచాటునడకను నియమముగాఁ జేసినవాఁడు వార్నరే.

ఈ యాట యనంతరచరిత్రయు విచారార్హము. 1992లో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ అదే పేరును స్వీకరించి ‘వుల్ఫెన్‌స్టైన్ 3డీ’ని రచించెను. భటుల శవముల నీడ్చి దాఁచుట, వారిని సోదా చేయుట మొదలగునవి మొదటఁ జేర్పఁదలఁచియు, వానివలన నాట వేగము సన్నగిల్లుచున్నదని యా రచయితలు విడిచిపెట్టిరి. ఫలితముగా నాట పరుగెత్తి కాల్చు నాటయై, వేఱొక జాతికి మూలపురుషస్థానము నొందెను. పేరదే, కోట యదే, శత్రువు లదే. వంశము మాత్రము మాఱినది. కథావస్తువు సామ్య మొక యాటను మఱియొక యాటకు సంతతిగాఁ జేయఁజాలదని చెప్పుట కింతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

చలనచిత్రముల ఋణము

చాటుమాటు క్రీడలకు లోకమునఁ బ్రతిష్ఠ తెచ్చినది ‘మెటల్ గేర్’. 1963లో జన్మించిన హిదెఒ కొజిమా 1986లో జపానుదేశపు కొనామి సంస్థలోఁ జేరెను. ఆధునికయుద్ధమును గూర్చి యొక యాట సిద్ధము చేయు పని యాతనికి వచ్చినది. ఎం.ఎస్.ఎక్స్. 2 అను నా యంత్రము శక్తి యల్పము. శత్రువులను, గుండ్లను నొక్కసారి పెక్కింటిని దెఱపైఁ జూపుట దానికి దుస్సాధ్యము. పోరాట మెక్కువగాఁ జూపుటకు వీలులేనప్పుడు, పోరాటమును దప్పించుకొనుటయే యాటగా నేల కాఁగూడదని కొజిమా తలఁచెను. జర్మనుల చెఱసాలనుండి యుద్ధఖైదీలు పాఱిపోవు కథ గల ‘ద గ్రేట్ ఎస్కేప్’ అను 1963 నాఁటి చలనచిత్రము తనకుఁ బ్రేరణమని యాతఁడు చెప్పియున్నాఁడు. 1987లో ఆట వెలువడెను. యంత్రముయొక్క లోపము క్రొత్త నియమమునకుఁ దల్లి యైనది.

చలనచిత్రములకు ‘మెటల్ గేర్’ పడిన ఋణము ప్రేరణతో నాఁగలేదు. 1987 నాఁటి యాట పెట్టెపైనున్న సైనికుని బొమ్మ ‘ద టెర్మినేటర్’ అను 1984 నాఁటి చిత్రమున నటుఁడు మైకేల్ బీన్ కనఁబడు ఛాయాచిత్రమునకు నచ్చుగుద్దినట్లుండును. కథానాయకుని ‘స్నేక్’ అను పేరు, జాన్ కార్పెంటర్ దర్శకత్వమున 1981లో వెలువడిన ‘ఎస్కేప్ ఫ్రం న్యూయార్క్’ చిత్రనాయకుఁడగు స్నేక్ ప్లిస్కెన్‌ను స్ఫురింపఁజేయును. 1990లో వెలువడిన ‘మెటల్ గేర్ 2’ యందుఁ బాత్రల ముఖములు షాన్ కానరీ మొదలగు ప్రసిద్ధనటుల ముఖములను బోలియుండెను. తరువాతి ముద్రణములలో నా ముఖములను దొలఁగించి క్రొత్తవానిని జేర్చిరి.

ఈ సామ్యములే ‘మెటల్ గేర్’కు స్వతంత్రత లేదనువారి ప్రధానాయుధములు. ఇందు న్యాయము లేకపోలేదు. పెట్టెపైని బొమ్మ ఆనందవర్ధనుని పరిభాషలోఁ బ్రతిబింబము. దానిని సమర్థించుట కష్టము. స్నేక్ విషయము వేఱు. ‘లాకౌట్’ అను 2012 నాఁటి చిత్రము తన ‘ఎస్కేప్ ఫ్రం న్యూయార్క్’కు ననుకృతి యని కార్పెంటర్ పక్షము ఫ్రాన్సుదేశమున వ్యాజ్యము వేయఁగా, 2015లో న్యాయస్థానము వారికే యనుకూలముగాఁ దీర్పు చెప్పెను. ఆ సందర్భమున ‘మెటల్ గేర్’పైఁ గూడ వ్యాజ్యమునకుఁ బోవచ్చునన్న సూచన రాఁగా, ఆ యాటల నిర్మాత మంచివాఁ డని తాను వలదంటి నని కార్పెంటర్ తెలిపెను. కొజిమాయు దన ఋణమును దాఁచలేదు. 2001 నాఁటి యాటలో స్నేక్ మాఱుపేరుగా ‘ప్లిస్కిన్’ అనియే చెప్పుకొనును. దాఁచినది చౌర్యము, చాటినది నమస్కార మని యభిమానులలోఁ గొందఱి వాదము.

అయినను ఆ ఋణమంతయుఁ దీసివేసినఁ గూడ 1987 నాఁటి యాటలో మిగులునది గలదు. స్నేక్ అనుభవము లేని సైనికుఁడు. బిగ్ బాస్ అను నధిపతి రేడియోద్వారా యాతనికి దారి చూపుచుండును. ఆట తుదకు రాఁగా నా యధిపతి మాటలు మోసము చేయఁ జొచ్చును; ఆతఁడు చూపిన త్రోవ నపాయమునకుఁ గొనిపోవును. కడపట నాతఁడు యంత్రము నాపివేయుమని యాటగానికే యానతిచ్చును. కోటకు నధిపతి యాతఁడే యని పిమ్మటఁ దెలియును. నమ్మదగిన గురువు ద్రోహి యగుట పురాతనమైన కథ. కాని యీ ద్రోహమును బాత్ర యెవఁడో యనుభవింపఁగాఁ జూచుట లేదు. ఆజ్ఞను బాలించి చెడినవాఁ డాటగాఁడే. ఏ చలనచిత్రమునుండియు నెరవు తెచ్చుకొనుటకు వీలులేని కథనవిధ మిది.

1998వ సంవత్సరము

1998లో ‘మెటల్ గేర్ సాలిడ్’ ప్లేస్టేషన్‌పై వెలువడి ప్రపంచమంతట నీ జాతి యాటలకుఁ గీర్తి తెచ్చెను. అమెరికా, ఐరోపాఖండముల యాటగాండ్రు దానిని సర్వథా నూతనమని మెచ్చుకొనిరి. అయితే 1990 నాఁటి ‘మెటల్ గేర్ 2’ను జూచినవారి కందు వింత తక్కువ. కావలివాని దృష్టిపరిమితి, చప్పుడు విని వాఁడు వెదకుకొనుచు వచ్చుట, నేలపైఁ బ్రాఁకుట, శత్రువులఁ జూపు రాడారు, ఇవి యన్నియు 1990లోనే యున్నవి. శీతోష్ణములనుబట్టి రూపు మాఱు తాళపుఁజెవి, మెట్లమీఁది వెన్నంటుడు, లిఫ్టులోని పోరు, హెలికాప్టరుతోడి సమరము కూడ మరల నవతరించినవే. 1990 నాఁటి యాట యమెరికాలో 2006 వఱకు వెలువడనే లేదు. స్వతంత్రత యని మెచ్చఁబడినది పెక్కుచోట్లఁ జదువరికిఁ బూర్వగ్రంథపరిచయము లేకపోవుటయే యని యిచటఁ దేలుచున్నది. తన కథనే తాను దిరిగి చెప్పిన కవి నెవరును జోరుఁ డనరు. కాని సానఁబట్టుట యెంతవఱకో, పునరుక్తి యెంతవఱకో విచారింపవలసియే యుండును.

ఆ యాటలోఁ బూర్వపుదానిలో లేని వానిని జూచినచో సాన యెచటఁ బట్టెనో తెలియును. సైకో మాంటిస్ అను శత్రువు పరచిత్తజ్ఞానము గలవాఁడు. ఆటగాని మెమరీ కార్డునందలి యితరక్రీడల గుర్తులఁ జదివి, నీ విట్టివాఁడవని చెప్పును. వానిని గెలుచుటకుఁ గంట్రోలరు తీఁగను రెండవ రంధ్రమునకు మార్పవలయును. మఱియొక తావున నొక రేడియోసంఖ్య కావలసియుండఁగా, అది డిస్కు పెట్టె వెనుక నున్నదని పాత్రలు చెప్పుదురు. ఆటగాఁడు లేచి నిజముగాఁ దన గదిలోని పెట్టెను దిప్పి చూచుకొనవలయును. తెఱలోపలి కథ తెఱ వెలుపలి చేతిని బట్టుకొన్నది.

అదే సంవత్సరమున జపానులో అక్వైర్ సంస్థ నింజాల కథతో ‘తెంచు’ ఆటను, అమెరికాలో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ ‘థీఫ్’ ఆటను వెలువరించినవి. మూఁటియందును దాఁగుటయే ప్రధానము; మూఁడును వేఱు వేఱు మార్గములఁ బుట్టినవి. ‘థీఫ్’లో నాయకుఁడు గారెట్ అను దొంగ. తెఱ యడుగున నొక మణి యాతఁ డెంత వెలుఁగులో నున్నాఁడో తెలుపును. తివాచిపై నడచినఁ జప్పుడు లేదు. లోహపుఁ బలకపై నడచినఁ గావలివాఁడు మేల్కొనును. మృచ్ఛకటికయందలి శర్విలకుఁడు గోడకుఁ గన్నము వేయు పట్టును జదివినవారికి నీ జాగ్రత్త సుపరిచితమే. ‘మెటల్ గేర్’ చూపును గొలిచినది. ‘థీఫ్’ చీఁకటిని, చప్పుడును గొలిచినది. ఇవి తుల్యదేహులు, ఒకదానికి మఱియొకటి నీడ కాదు.

‘స్ప్లింటర్ సెల్’ మీఁది యారోపణము

2002లో యూబీసాఫ్ట్ సంస్థ మాంట్రియాల్ శాఖవారు రచించిన ‘స్ప్లింటర్ సెల్’ వెలువడఁగా వాదము ముదిరినది. నడివయస్కుఁడగు గూఢసైనికుఁడు, ఒంటరి కార్యము, చెవిలో నధిపతి కంఠము, రాజకీయపుఁ గుట్ర, ఇవి యన్నియు ‘మెటల్ గేర్’ సొమ్మని యొక పక్షమువారు. వెలుఁగునీడల లెక్క ‘థీఫ్’ సొమ్మని మఱియొక పక్షమువారు. రెండవ పక్షమువారు తమకుఁ దెలియకయే మొదటి పక్షమును బలహీనపఱచిరి. ఒక యాటకు నిరువురు తండ్రులను జూపఁగలిగినచో నది యెవ్వరికిని ప్రతిబింబము కాదు.

వస్తుతః ‘స్ప్లింటర్ సెల్’ చేసినది నీడను గంటికిఁ బ్రత్యక్షముగాఁ జూపుట. ‘థీఫ్’లో మణివలనఁ దెలిసికొనవలసిన చీఁకటి యిందు గోడలపైఁ, దెరచాపలపై, నాయకుని వీఁపుపై నాడుచుండును. దీపమును గాల్చి యార్పి నీడను దానే కల్పించుకొనవచ్చును. కొన్ని ఘట్టములలో నధిపతులు ప్రాణము తీయఁగూడదని కట్టడి చేయుదురు. తప్పినచో నాట యంతటితో ముగియును. ‘మెటల్ గేర్’లోఁ గావలివాఁడు చూచినను బాఱిపోయి దాఁగి మరల మొదలిడవచ్చును, ఇందుఁ గొన్ని ఘట్టములలో మూఁడు మాఱులు గంట మ్రోగినచోఁ గార్యము భగ్నము. ఒకటి తప్పును క్షమించును, ఒకటి క్షమింపదు. ఈ భేదమువలననే రెంటి నాయకులును వేఱు మనుష్యులుగాఁ దోఁతురు.

2018లో యూబీసాఫ్ట్‌వారి ‘ఘోస్ట్ రికాన్ వైల్డ్‌ల్యాండ్స్’ అను ఆటలో ‘స్ప్లింటర్ సెల్’ నాయకుఁడు సామ్ ఫిషర్ కొంతసే పగపడును. తలకు గుడ్డ కట్టుకొను నొక పాతసైనికుఁడు విరమించెనని విని, యిఁక మిగిలినవాఁడను నేనొక్కఁడనే యని యాతఁ డనుకొనును. పేరు చెప్పకున్నను అది స్నేక్ నుద్దేశించినదని యెల్లవారును గ్రహించిరి. అభిమానులు పగగాఁ జూచిన సంబంధమును రచయితలు బంధుత్వముగాఁ జూచిరి.

అనుకరణమే కథావస్తువైన యాట

ఈ వివాదమున కెల్ల నాయువుపట్టు 2001 నవంబరులో వెలువడిన ‘మెటల్ గేర్ సాలిడ్ 2’. ముందస్తు ప్రకటనలలో స్నేక్‌నే చూపిరి. ఆట ప్రారంభఘట్టము ముగిసిన వెంటనే యాతని స్థానమున రైడెన్ అను క్రొత్త యువకుఁడు ప్రవేశించును. తక్కిన యాటయంతయు వానిదే. మోసపోతిమని యభిమానులు కోపించిరి. అంతేకాక సంఘటనలు పూర్వపుటాట సంఘటనల ననుసరించి నడచుచుండును. కల్పనాశక్తి యుడిగినదని కొందఱు తీర్పు చెప్పిరి.

తుదిఘట్టమున రహస్యము బయలుపడును. పూర్వపు సంఘటనలను మరల సృష్టించి, యే మనుష్యుఁ డైనను దగిన పరిస్థితులలోఁ బెట్టినచో స్నేక్‌వంటి వీరుఁడుగాఁ దయారు కాఁగలఁడో లేదో పరీక్షించుటకే యీ కుట్ర యంతయు నడచినది. అనఁగా పునరుక్తియే కథావస్తువు. రైడెన్ స్నేక్‌కుఁ బ్రతిబింబముగాఁ జేయఁబడినవాఁడు. తొలియాటను మరల నాడఁ గోరిన యాటగాఁడు రైడెన్‌కుఁ బ్రతిబింబము. మొదట నాటగాఁడు వ్రాసిన సొంత పేరు రైడెన్ మెడలోని బిళ్లపైఁ గనఁబడును. దానిని వాఁడు తీసి పాఱవైచుటతో నాట ముగియును. ప్రతిబింబమునకు వేఱు ప్రాణము లేదన్న ప్రాచీనుల మాటకు, ఆ ప్రాణము సంపాదించుకొనుటయే కర్తవ్యమని యీ యాట ప్రత్యుత్తర మిచ్చినది. వెలువడిన నాఁడు దూషింపఁబడిన యీ యాట, కాలము గడచినకొలఁదిఁ బునర్విమర్శకుఁ బాత్రమై, సమాచారప్రవాహమున సత్యాసత్యములు కలఁగిపోవునన్న దాని హెచ్చరికవలన మఱింత గౌరవమును బొందినది.

దృశ్యఘట్టముల వివాదము

ఇఁకఁ గథాకథనము. ఆటను నిలిపి, కంట్రోలరు చేత నుండఁగనే యాటగానిని బ్రేక్షకునిగాఁ జేయు దృశ్యఘట్టములు ‘మెటల్ గేర్’కుఁ బెట్టినది పేరు. 2008 నాఁటి నాలవ యాటలోఁ దుదిదృశ్యములు గంటకు మించి నడచును. చలనచిత్రము కావలసినవాఁడు చలనచిత్రమునే తీయరాదా యని ప్రతిపక్షము. వారు నిదర్శనముగాఁ జూపునది ‘థీఫ్’. అందుఁ గార్యమునకు ముందు స్వల్పప్రస్తావన దక్కఁ గథయంతయుఁ జాటునుండి వినఁబడు కావలివారి సంభాషణలవలనను, బల్లలపైఁ బడియున్న లేఖలవలనను దెలియును. కఠినతమమైన శ్రేణిలో మనుష్యహత్య నిషిద్ధము. గారెట్ వృత్తిధర్మము నెవరును వర్ణింపరు, నియమమే వర్ణించును.

ఈ వాదము బలమైనదే కాని సంపూర్ణము కాదు. 2004లో వెలువడిన ‘మెటల్ గేర్ సాలిడ్ 3’ దానికి సమాధానము. నాయకుఁడు తనను బెంచి విద్య నేర్పిన ‘ద బాస్’ అను వీరవనితను జంపవలసివచ్చును. తెల్లని పూలతోఁటలోఁ బోరు ముగిసి యామె నేలకొఱగును. దృశ్యము నడచుచునే యుండును. కాని తుపాకి ప్రేలదు. ఆటగాఁడు తానై మీట నొత్తువఱకు నది యట్లే నిలిచియుండును. ఆ మీట నొత్తుటకుఁ జేయి రాదని యాడినవారు పలువురు చెప్పుదురు. ఆ సంకోచము నియమమువలనఁ గలిగినదే. కాని యంతకుఁ బూర్వము గంటలకొలఁది చూచిన దృశ్యములే లేకున్నచో నామె యెవ్వతెయో, చేయి యేల వణఁకవలయునో తెలియనే తెలియదు. అదే యాటలో నొక చోట నాయకుఁ డొక నదిలో నడచిపోవఁగా, ఆటగాఁడు తానంతవఱకుఁ జంపినవా రందఱును బ్రేతములై యెదురువత్తురు. ఎవ్వరినిఁ జంపక దాఁగిదాఁగి వచ్చినవానికి నది దాదాపు నిర్జనమైన నది. చంపినవానికి దీర్ఘమైన పశ్చాత్తాపము. ఒక్కొక్కనికి నొక్కొక్క నది.

దృశ్యకావ్యమున నటుఁడు వేఱు, సామాజికుఁడు వేఱు; రసము సామాజికునియందుఁ బుట్టును. ఆటలో నా యిరువురు నొక్కఁడే. చేయువాఁడును వాఁడే, చేసిన దానికి వగచువాఁడును వాఁడే. కావున దృశ్యఘట్టము లుండవచ్చునా యను ప్రశ్న సరియైనది కాదు. ఆ దృశ్యము చేతి పనికి బరువు నిచ్చుచున్నదా, లేక చేతి పనికి బదులుగా వచ్చినదా యనుటయే ప్రశ్న. మూఁడవ యాటలోఁ బెక్కుచోట్ల మొదటిది. నాలవ యాట తుదిలోఁ బెక్కుచోట్ల రెండవది.

కర్త యెవఁడు?

2015 సెప్టెంబరులో ‘మెటల్ గేర్ సాలిడ్ 5’ వెలువడినపుడు, ఇదివఱకు పెట్టెపై నుండు కొజిమా పేరు దానిపై లేదు. ఆ సంవత్సరాంతమున నాతఁడు కొనామిని విడిచి స్వతంత్రసంస్థను నెలకొల్పెను. ఆటయందుఁ గొంత కథ యసంపూర్ణమై మిగిలినదన్న యసంతృప్తి యభిమానులలో నిలిచిపోయినది. స్నేక్ అను పేరుపైఁ, గోటలపైఁ, గథలపై హక్కు సంస్థదే. 2025 ఆగస్టు 28వ తేదిని కొనామి మూఁడవ యాటను నూతనయంత్రములకుఁ దగినట్లు మరల నిర్మించి ‘మెటల్ గేర్ సాలిడ్ డెల్టా’ యను పేర వెలువరించెను. పూర్వనటుల కంఠధ్వనులే యందు వినఁబడును. దృశ్యములు, నియమములు మూలము ననుసరించినవే. ఆకులపైఁ దడి, ముఖముపై ముడుతలు మాత్రము క్రొత్తవి. కర్తకు నిర్మాణమున భాగము లేదు.

చిత్తరువువంటి సంవాదమున కింతకంటె మంచి యుదాహరణము దొరకదు. న్యాయస్థానమున దోషము లేదు. వస్తువు సంస్థ సొత్తు. 1987లో నొక చిత్రపు ఛాయను దీసికొన్న యాటను జోరుఁ డన్నవారే, 2025లో నక్షరాల ననుసరించిన యాటను విధేయమని మెచ్చుకొనిరి. మఱికొందఱు కర్త లేని విధేయత నిర్జీవమనిరి. హక్కునకును గర్తృత్వమునకును గల యీ యెడమే నేఁటి వివాదమున నిజమైన పణము. కథ యెవరిదను ప్రశ్నకుఁ బత్రములు సమాధానము చెప్పఁగలవు. ఆ పూలతోఁటలో మీట కొఱకు దృశ్యమును నిలిపిన యూహ యెవరిదను ప్రశ్నకుఁ బత్రములు సమాధానము చెప్పలేవు. ఇరువదియొక్క యేండ్ల పిమ్మటను దెఱ నలంకరించినవా రా నిలుపుదలను మార్పక యుంచిరనఁగా, ఆ యూహ కెంత ప్రాణమున్నదో తెలియును.

ఈ చరిత్రమువలనఁ దేలిన దిది. చాటుమాటు క్రీడలలోఁ గథావస్తువు చాలవఱకు నెరవు సొమ్ము. కోటలు యుద్ధచిత్రములవి, గూఢచారులు చలనచిత్రములవారు, ద్రోహియగు గురువు పురాణకాలమువాఁడు. తెలుఁగుకవులకు భారతభాగవతము లెట్టివో యీ రచయితలకుఁ జలనచిత్రము లట్టివి. వస్తువునుబట్టి చోరుని వెదకఁబోయినచో నెల్లరును జోరులే. ఆద్యుని వెదకఁబోయినచో నాతనికి ముందొకఁడు కనఁబడుచునే యుండును. స్వతంత్రకల్పన నిలిచినది నియమమునందు: కావలివాఁడు దేనిఁ జూచును, చప్పుడెంత దూరము పోవును, తప్పునకు క్షమ గలదా, తుపాకి యెవరు పేల్పవలయును. కథాకథనముయొక్క బలమును నా నియమమునందే నిలిచినది. మంచి యాటలో నియమమే కథను జెప్పును. అందువలననే స్వతంత్రతను గూర్చిన వాదమును, గథను గూర్చిన వాదమును వేర్వేఱు కావు. వసుచరిత్రకారుఁడు మెచ్చిన రత్నము గనిలోనిదే. దానికి వెలనిచ్చినది సాన. ఈ క్రీడల సాన నియమము.